లూజు కన్నా బిగుతే చేటు

బండి వెనక నుంచి కటకటమని చప్పుడు మొదలవగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. దారిలో కనబడ్డ మెకానిక్ దగ్గర ఆపి, "అన్నా, చైన్ లూజైనట్టుంది, కాస్త గట్టిగా బిగించు" అంటారు. అతను పానాతో రెండు నట్లు తిప్పి, చైన్‌ని వేలితో ఒకసారి మీటి, పొమ్మంటాడు. చప్పుడు పోతుంది. బండి కూడా హాయిగా లాగుతున్నట్టే అనిపిస్తుంది. చైన్‌కి, దానితోపాటు బేరింగులకి ఆయుష్షు తగ్గడం సరిగ్గా అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఇది ముఖ్యంగా బరువులు మోసే బండ్లవాళ్ల కోసం. 1980లో వచ్చిన టీవీఎస్ 50 నుంచి 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 దాకా ఈ మోపెడ్లు మన ఊళ్లలో ఒకప్పటి ఎడ్లబండి పనిలో సగం చేస్తున్నాయి. పాల క్యాన్లు, దాణా బస్తాలు, పచ్చగడ్డి మోపులు, యూరియా కట్టలు, మందు కొట్టే ట్యాంకులు, చీరల మూటలు, చేపల ట్రేలు అన్నీ వాటి మీదే. తొంభై కిలోలైనా లేని బండి తన బరువును మించిన బరువును గట్ల మీద, డొంకల్లో, దమ్ము చేసిన మడి పక్కన బురదలో లాక్కుపోతుంది. స్ప్లెండర్‌నో ప్లాటినానో పొలానికి వాడేవాళ్లకీ, ఊళ్లో సరుకులు చేరవేసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఇంజిన్‌లో పుట్టిన బలమంతా వెనక చక్రానికి చేరేది ఆ ఒక్క చైన్ మీదుగానే. అయినా ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తేదీతో సహా చెప్పేవాళ్లు కూడా, చైన్‌కి నూనె ఎప్పుడు వేశారంటే తల గోక్కుంటారు.

చైన్ సాగింది అంటాం గానీ, నిజానికి అందులో ఇనుము సాగడం లేదు. చైన్‌లో ప్రతి కీలులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్, ఆ బుష్ మీద తిరిగే రోలర్ ఉంటాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్న అమరిక ఇది, ఇప్పటికీ మూలం అదే. చైన్ స్ప్రాకెట్ మీదుగా వంగిన ప్రతిసారీ పిన్ను బుష్ లోపల కొద్దిగా తిరుగుతుంది. అక్కడ నూనె ఆరిపోయి దుమ్ము చేరితే, ఇసుక పడ్డ తలుపు బందులాగా రెండూ ఒకదాన్నొకటి తినేసుకుంటాయి. ఒక్కో కీలు దగ్గర 0.1 మి.మీ. అరిగిందనుకోండి, ఎంత చూసినా కంటికి ఆనదు. వంద లింకుల చైన్ మీద అదే 10 మి.మీ. అవుతుంది. మనకు లూజుగా కనబడేది ఈ కూడికే. పానా తిప్పి చక్రాన్ని 5 మి.మీ. వెనక్కి జరిపితే లూజు తగ్గుతుంది, అరుగుదల అలాగే ఉంటుంది. అందుకే నూనె వేయకుండా బిగిస్తూ పోయేవాళ్ల చైన్ ఏడాది తిరక్కుండానే మూలన పడుతుంది.

ఇక బిగుతు ఏం చేస్తుందో చూద్దాం. వెనక చక్రం ఫ్రేముకి నేరుగా తగిలించి ఉండదు. స్వింగ్ ఆర్మ్ చివర ఉంటుంది. బండి గుంతలో పడ్డప్పుడు, బరువెక్కినప్పుడు షాకబ్జార్బర్లు కుంగి ఆ స్వింగ్ ఆర్మ్ బండికేసి పైకి లేస్తుంది. ముందున్న చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ తిరిగే బోల్టు, వెనక ఇరుసు, ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది. చైన్ బాగా బిగిసేది ఆ క్షణంలోనే. ఖాళీ బండికి స్టాండ్ వేసినప్పుడు ఇరుసు ఈ గీతకు కిందుగా ఉంటుంది కాబట్టి చైన్ వదులుగా కనిపిస్తుంది. మెకానిక్ ఆ స్థితిలోనే దాన్ని బిర్రుగా బిగించి పంపాడనుకోండి. మీరు రెండు బస్తాలు కట్టి డొంకలో గుంత దింపగానే చైన్‌కి ఇంకాస్త పొడవు కావాలి. అది ఎక్కడా దొరకదు. ఆ లాగుడంతా ముందు గేర్‌బాక్స్ షాఫ్టు మీద, వెనక చక్రం బేరింగుల మీద పడుతుంది.

కొన్నాళ్లకు చిన్న స్ప్రాకెట్ వెనక ఆయిల్ సీలు కారుతుంది. చక్రం దగ్గర ఊళ లాంటి మోత వస్తుంది. బండి లాగడం లేదని, మైలేజీ పడిపోయిందని ప్లగ్గు మారుస్తారు, పెట్రోల్ బంకు మారుస్తారు, చైన్ వైపు మాత్రం చూడరు, ఎందుకంటే అది "గట్టిగానే" ఉంది కదా. చివరికి ఒకరోజు నిండు బరువు మీద తెగుతుంది. తెగిన చైన్ ఇంజిన్ దగ్గర ముద్దగా చుట్టుకుంటే ఇంజిన్ కేసు పగలొచ్చు, వెనక చక్రం పట్టేసి మనిషి కింద పడొచ్చు. లూజు మంచిదని నా ఉద్దేశం కాదు. మరీ వదిలేస్తే చైన్ కవర్‌కి కొట్టుకుంటుంది, ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడల్లా బండి కుదుపిస్తుంది, గతుకులో పళ్ల మీంచి జారిపోతుంది. కానీ లూజు అరిచి చెబుతుంది, బిగుతు చప్పుడు చెయ్యకుండా తినేస్తుంది. తేల్చుకోలేనప్పుడు కొలతలో లూజు అంచు వైపే ఉండండి.

ఆ కొలత ఎలా తీయాలో చాలామందికి తెలియదు. కింది వైపు చైన్‌లో, రెండు స్ప్రాకెట్లకూ సరిగ్గా మధ్యలో వేలు పెట్టి పైకి పోయినంత నొక్కండి, తర్వాత కిందికి పోయినంత లాగండి. పై అంచుకీ కింది అంచుకీ మధ్య దూరమే ఆట. కొందరు పైకి నొక్కినంత మేరే లెక్కేసుకుంటారు, అది తప్పు. మన దగ్గర తిరిగే మామూలు బైకులకు చాలావాటికి ఇది 20 నుంచి 30 మి.మీ. మధ్య చెబుతారు. మీ బండికి ఎంతో, మెయిన్ స్టాండ్ మీద చూడాలో సైడ్ స్టాండ్ మీద చూడాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్ని ఆర్‌సీ కవర్‌లోంచి బయటికి తీసి ఆ ఒక్క పేజీ అయినా చదవండి. చైన్ మొత్తం కవర్‌లో మూసేసి ఉన్న బండ్లకు కవర్‌కి ఒక రంధ్రం, దానికి రబ్బరు బిరడా ఉంటాయి. అది పీకి అందులోంచి వేలు పెట్టి చూడొచ్చు.

ఒకచోట చూసి వదిలేయకండి. చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. చైన్ అంతా ఒకేలా అరగదు. ఒకచోట 30 మి.మీ. ఆడేది మరోచోట 18 ఆడొచ్చు. ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే కొలత సరిపెట్టాలి. లూజు చోట చూసి బిగిస్తే, బిగుతు చోటు వచ్చిన ప్రతిసారీ చైన్ బేరింగుని గుంజుతుంది. ఈ తేడా మరీ పెద్దగా ఉంటే ఆ చైన్ పని అయిపోయినట్టే లెక్క.

బరువు మోసేవాళ్లు ఇంకో పరీక్ష తప్పకుండా చెయ్యాలి. పుస్తకంలో చెప్పినట్టు సరిచేశాక, మీరు రోజూ వేసే బరువు బండి మీద వేసి, లేదా ఇద్దరిని ఎక్కించి, స్టాండ్ తీసి నిలబెట్టండి. ఇంకొకరిని కిందికి వంగి చైన్ నొక్కమనండి. నిండు బరువు మీద కూడా చైన్ వేలి కింద కాస్తయినా ఆడాలి. కదలకుండా నిక్కబొడుచుకుని ఉంటే ఖాళీ బండి మీద ఎంత బాగా కనబడినా ఆ బిగింపు పనికిరాదు. మళ్లీ వదలండి.

సర్దడం ఇంట్లో చేసుకోవచ్చు, రెండు పానాలు చాలు. ముందు తాళం తీసి జేబులో వేసుకోండి. మెయిన్ స్టాండ్ వేసి వెనక ఇరుసు నట్టు వదులు చెయ్యండి, పూర్తిగా విప్పక్కర్లేదు. స్ప్లిట్ పిన్ను ఉంటే తీసి పారేసి, తర్వాత కొత్తది వేసుకోండి. రెండు రూపాయల వస్తువుకి పొదుపు వద్దు. డ్రమ్ బ్రేకున్న బండికి బ్రేక్ రాడ్డు నట్టు కూడా ముందే కాస్త వదలాలి. తర్వాత రెండు వైపులా ఉన్న చైన్ అడ్జస్టర్లను సమానంగా తిప్పుతూ రావాలి. ఇటు సగం చుట్టు, అటు సగం చుట్టు, మళ్లీ కొలత. ఒకేసారి మూడు నాలుగు చుట్లు తిప్పేసి ఆనక వదులు చేసుకోవడం కన్నా ఇదే త్వరగా తెములుతుంది. స్వింగ్ ఆర్మ్ మీద రెండు పక్కలా గీతలుంటాయి. రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుని, చైన్ ఒక పక్క ప్లేట్లు స్ప్రాకెట్‌కి రాసుకుంటాయి, టైరు కూడా ఒక వైపే అరుగుతుంది. పాత బండ్లకి, ఒకసారి పడ్డ బండ్లకి ఈ గీతల్ని అంతగా నమ్మలేం. బండి వెనక గొంతుక్కూర్చుని చైన్ వెంబడి ఒక కన్ను మూసి చూడండి. వెనక స్ప్రాకెట్ నుంచి ముందుదాకా చైన్ తిన్నగా పోతుంటే సరే.

ఇరుసు నట్టు బిగించేటప్పుడు చక్రం జరిగిపోయి కొలత మారిపోతుందని చాలామంది విసుక్కుంటారు. దానికో ఉపాయం ఉంది. వెనక స్ప్రాకెట్‌కీ చైన్‌కీ మధ్య, కింది వైపున మడతపెట్టిన గుడ్డ ముక్క ఒకటి పెట్టి చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. గుడ్డ ఇరుక్కుని చైన్ చక్రాన్ని ముందుకు లాగి పట్టుకుంటుంది. అడ్జస్టర్లు రెండూ తమ చోట ఆనుకుంటాయి. అలా ఉండగా నట్టు గట్టిగా బిగించి, గుడ్డ తీసేసి, మరోసారి కొలవండి. ఆ గుడ్డ తీయడం మాత్రం మరిచిపోకూడదు.

చక్రం వెనక్కి జరిగితే బ్రేక్ రాడ్డు బిగుసుకుంటుంది. చూసుకోకుండా బండి తీస్తే బ్రేకు పట్టుకునే ఉండి డ్రమ్ము కాలిపోతుంది. అందుకే చివరగా బ్రేకు ఆట సరిచేసి, చక్రాన్ని చేత్తో తిప్పి స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూడండి. బ్రేక్ లైటు సమయానికి వెలుగుతోందా అనేది కూడా ఒకసారి చూస్తే పని పూర్తవుతుంది.

ఇప్పుడు అసలు పనికి, నూనెకి వద్దాం. ముందుగా ఒక హెచ్చరిక. స్టాండ్ వేసి, ఇంజిన్ ఆన్ చేసి, తిరుగుతున్న చైన్‌ని గుడ్డతో తుడిచేవాళ్లు ఊరికి నలుగురు కనబడతారు. గుడ్డని పట్టుకున్న చైన్ వేలిని కూడా లాక్కుని స్ప్రాకెట్ పళ్ల మధ్యకి తీసుకుపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకునేంత వ్యవధి ఉండదు. ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ చెయ్యండి. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

బురద ఎండి ఉంటే ముందు నీళ్లతో కడగండి. కిరోసిన్ ఉంటే కిరోసిన్, దొరకని చోట డీజిల్ తీసుకుని పాత బ్రష్షుతో చైన్ నాలుగు పక్కలా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. పెట్రోల్ వాడొద్దు, నిప్పు ప్రమాదం. పెద్ద బైకుల చైన్లలో కీళ్ల మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి, వాటిని పెట్రోల్ పాడుచేస్తుంది. అలాంటి చైన్‌కి సర్వీస్ సెంటర్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు కాస్తా బయటికి పోతుంది.

నూనె అంటే ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్. ఆటోమొబైల్ షాపులో ఎక్కడైనా దొరుకుతుంది, ఒక డబ్బా నెలల తరబడి వస్తుంది. డబ్బున్నవాళ్లు చైన్ స్ప్రే వాడుకోవచ్చు, అదీ మంచిదే. మెకానిక్ షెడ్డులో డబ్బాలో పట్టి ఉంచిన నల్ల ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. ఊరికే వస్తుందని దాన్ని పోసేవాళ్లు చాలామంది. ఇంజిన్ అరుగుదలలో రాలిన లోహపు పొడి, మసి అన్నీ అందులోనే ఉంటాయి. గ్రీజు పూయడం కూడా అలాంటిదే. చిక్కగా ఉండి కీలు లోపలికి దిగదు, బయట మాత్రం దుమ్మునంతా పట్టుకుని ఆకురాయి పని చేస్తుంది.

నూనె పడాల్సింది రోలర్ల నడినెత్తిన కాదు, లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య ఉన్న సందులో. పిన్ను దాకా దారి అదొక్కటే. చైన్‌కి రెండు అంచుల్లోనూ ఆ సందులున్నాయి. సూది తీసేసిన సిరంజి ఈ పనికి భలే ఉంటుంది. కింది వైపు చైన్ లోపలి ముఖం మీద, అంటే స్ప్రాకెట్ పళ్లు తగిలే వైపు, ఒక్కో సందులో ఒక్కో చుక్క వేస్తూ చక్రం తిప్పుకుంటూ పొండి. బండి తిరిగేటప్పుడు నూనె బయటి వైపుకి విసురుతుంది కాబట్టి లోపలి వైపు వేసిందే కీలు గుండా పోతుంది. ఈ పని పొద్దున్నే బయల్దేరే ముందు చేస్తే సగం నూనె టైరు మీదకి చిమ్ముతుంది. సాయంత్రం బండి ఇంటికి వచ్చాక, చైన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైన మిగిలిన జిడ్డు తుడిచేయండి. పైకి దాదాపు పొడిగా కనిపించాలి, తడి లోపలుండాలి.

ఎన్నాళ్లకోసారి? తారురోడ్డు మీద తిరిగే బండికి సాధారణంగా 500 కి.మీ.కు ఒకసారి అంటారు. డెలివరీ పనిలో రోజుకి వంద తిరిగేవాళ్లకి అది వారం కూడా పట్టదు. పొలం దారుల్లో కిలోమీటర్ల లెక్క పనిచెయ్యదు. తడిసిన ప్రతిసారీ వెయ్యాలి. నల్లరేగడి నేలల్లో మట్టి ముద్దలు ముద్దలుగా చిన్న స్ప్రాకెట్ కవర్ లోపల పేరుకుని గట్టిపడుతుంది. వానాకాలంలో నెలకోసారైనా ఆ కవర్ బోల్టులు విప్పి పుల్లతో గీకెయ్యాలి. చాలామంది బండి కొన్నాక ఆ కవర్ లోపల ఏముందో ఒక్కసారీ చూసి ఉండరు. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి ఇరుసుకీ స్ప్రాకెట్‌కీ చుట్టుకుంటుంది, ఆగి తీసెయ్యండి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లకి ఉప్పునీటి బాధ వేరే. ఒక్క రాత్రికే చైన్ తుప్పెక్కుతుంది. ముందు మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ సాయంత్రమే నూనె వెయ్యాలి. తుప్పు పట్టి కొన్ని లింకులు వంగిన చోటే బిగుసుకుపోతే, నూనె వేసి చేత్తో అటూ ఇటూ ఆడించండి. అయినా కదలకపోతే ఆశ వదులుకోండి.

చైన్ ఎప్పుడు మార్చాలన్నదానికి ఇంట్లోనే తేలే గుర్తులున్నాయి. వెనక స్ప్రాకెట్‌కి బాగా వెనకున్న చోట చైన్‌ని వేళ్లతో పట్టి బయటికి లాగండి. సగం పన్ను బయటపడితే చైన్ అరిగిపోయింది. కొలిచి చూసుకోవాలంటే, ప్లేట్ల మీద 428 అని ఉన్న చైన్‌లో ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి 12.7 మి.మీ. ఉంటుంది. వరుసగా 21 పిన్నులు లెక్కపెడితే మొదటిదాని మధ్య నుంచి చివరిదాని మధ్యకి కొత్త చైన్‌లో 254 మి.మీ. వస్తుంది. బిర్రుగా లాగి పట్టి టేపు పెట్టినప్పుడు అది 259 దాటిందంటే ఇక బిగించి లాభం లేదు. స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకి వంగి కొక్కేల్లా, మొనదేలి కనిపించినా అంతే. ముందు 14 పళ్లు, వెనక 42 ఉన్న బండిలో వెనకది ఒక్కసారి తిరిగేలోపు ముందుది మూడుసార్లు తిరుగుతుంది, కాబట్టి ముందే అరిగేది చిన్నది. కవర్ చాటున ఉండడం వల్ల అదే కంటికి కనబడదు.

ఈ దశలోనే మన ఊళ్లలో ఒక సలహా వినిపిస్తుంది. అడ్జస్టర్ చివరిదాకా వచ్చేసింది, రెండు లింకులు కోసేసి కలిపేస్తే ఇంకో ఆర్నెల్లు లాగుతుందని. పొడవు తగ్గుతుంది నిజమే. కానీ మిగిలిన ప్రతి లింకూ అరిగి, పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం పెరిగే ఉంది. అది స్ప్రాకెట్ పళ్లలో సరిగ్గా కూర్చోదు, పన్ను మీదకి ఎక్కుతూ దిగుతూ ఉన్న కాస్త స్ప్రాకెట్‌నీ తినేస్తుంది. కొత్త చైన్‌ని పాత స్ప్రాకెట్ల మీద వేయడమూ అంతే దండగ, అరిగిన పళ్లు కొత్త చైన్‌ని కొన్ని నెలల్లోనే పాతదాన్ని చేస్తాయి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి కిట్టు మార్చడమే చవక. మార్చిన రోజే హబ్బులోని రబ్బర్లు కూడా చూడమనండి. అవి నలిగిపోయి ఉంటే ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడల్లా వచ్చే కుదుపంతా నేరుగా కొత్త చైన్ మీదే పడుతుంది. పాత చైన్ కవర్, చీర గార్డు విప్పేస్తే బరువు కట్టడానికి వీలుగా ఉంటుందని తీసి పారేయకండి. వెనక చక్రానికి సగం మేర కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. కొంగో చున్నీయో చక్రంలో పడితే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఆ నిబంధన గుర్తుచెయ్యక్కర్లేదు.

కొత్త చైన్ వేసినప్పుడు చైన్ లాక్ మీద మీరే ఒక కన్నేయండి. చేప ఆకారంలో ఉండే చిన్న క్లిప్పు అది, ఒక వైపు మూసి, ఒక వైపు చీలి ఉంటుంది. మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. అంటే క్లిప్పు పై వరుసలో ఉన్నప్పుడు మూసిన కొస హ్యాండిల్ వైపు చూడాలి. తిరగేసి పెడితే ఏ గడ్డిపరకో రాయో తగిలి క్లిప్పు ఊడుతుంది. ఒకసారి విప్పిన క్లిప్పు పట్టు తప్పుతుంది, అదే మళ్లీ నొక్కి పెట్టనివ్వకండి. మీ చైన్ నంబరుకి సరిపోయే కొత్త లాక్ ఒకటి, ఒక నోస్ ప్లయర్ కొని టూల్ బాక్సులో పడేసుకోండి. పొలం మధ్యలో చైన్ ఊడినప్పుడు బండిని మెకానిక్ దాకా తోసుకుపోకుండా ఇంటికి తెచ్చేవి ఆ రెండే.